సైరన్ తర్వాతి అంకం

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్న, పేపరు చదువుతున్నానన్న వంకతో భిలాయి వైశాలి నగర్‌లోని మా ఇంటి వరండాలో కునుకు తీస్తున్న నన్ను మా మనవరాలు వచ్చి లేపింది. అది కాలేజీలో చదువుతోంది, వాళ్ళమ్మా నాన్నలతో నెహ్రూ నగర్‌లో ఉంటుంది, నలుగురైదుగురు స్నేహితుల్ని పోగేసుకుని ఎవరి మేడ మీదో నాటకాలు సాధన చేస్తూ ఉంటుంది. పాతకాలపు విషాద ప్రేమ నాటకం ఒకదాన్ని ఈ కాలం ప్రేక్షకుల కోసం మళ్ళీ రంగం మీదికి తేవాలని వాళ్ళకు బుద్ధి పుట్టిందట. ఒకప్పుడు ఇక్కడ మావాళ్ళు ఏటేటా ఆడిన నాటకమే ఎందుకు కాకూడదనుకున్నారట, దాని నోటుపుస్తకం మా ట్రంకుపెట్టెలో ఉందని వాళ్ళమ్మ చెప్పిందట. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు దానికి, కాబట్టి నేను చదివి వినిపించాలి, అది ఫోనులో హిందీ అక్షరాల్లో రాసుకోవాలి. అదీ ఏర్పాటు.

పెట్టె అడుగున, కలరా ఉండల వాసనతో, అట్ట ఊడిపోయిన ఆ పొడుగుపాటి పుస్తకం ఉండనే ఉంది. మా మామయ్య గుండ్రటి దస్తూరీ. నాలుగు అంకాలు చదివి ఆఖరి అంకం దగ్గరికి వచ్చేసరికి, పేజీ పైన ఎర్ర పెన్సిలుతో పెద్ద పెద్ద అక్షరాల్లో రాసిన ఒక్క మాటా, దాని మీద అడ్డంగా కొట్టేసిన నీలం సిరా గీతలూ చూసి పిల్ల వేలు పెట్టి అడిగింది.

“యే క్యా హై తాతయ్యా? ఏటి రాసినారు, ఎందుకు కొట్టీసినారు?”

ఆ మాట ‘సైరన్’. ఎర్ర పెన్సిలు మా మామయ్యది. నీలం సిరా నాది. ఏదో పాత అలవాటులే అని పేజీ తిప్పబోయాను. గుమ్మంలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్న మా ఆవిడ తలెత్తి, ఈ సందర్భం కోసమే కాచుకున్నదానిలాగా మొదలుపెట్టింది. “ఆ అంకంలో నేను పద్యాలు పాడతా ఉంటే మా నాన్న మూడో వరసలో కూకొని ఏడిసినాడే పిల్లా. డ్యూటీ మధ్యలో ఔట్‌పాస్ తీసుకొని మరీ వచ్చినాడు.” ఈ సంగతి ఆమె నలభై ఏళ్ళ పైనుంచీ చెబుతోంది. చుట్టాలకు చెప్పింది, పక్కింటి బెంగాలీ ఆవిడకు హిందీలో చెప్పింది, మా పిల్లలకు జోకొడుతూ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ నాకు దాహం వేసేది, లేచి లోపలికి వెళ్ళిపోయేవాణ్ణి. ఆ రోజు కూడా వెళ్ళాను. కుండలో నీళ్ళు ముంచుకుని తాగకుండా చాలాసేపు పట్టుకుని నిలబడ్డాను.

ఆ నాటకం సంగతి మా తరంవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు ప్లాంటులో పనికి వచ్చిన మేమంతా దాన్ని పడవ నాటకం అనేవాళ్ళం. ఏటికి ఇవతల పడవవాడు, అవతల కోటదొర కూతురు. ఫలానా వేళకు ఒడ్డుకు వస్తానని ఆమె కబురు పెడుతుంది, ఆ వేళ దాటిపోతుంది, ఆమెను గదిలో పెట్టి గడియ వేశారని అతనికి తెలియదు. ఆమె వేరే పెళ్ళికి ఒప్పుకుందని దొర మనిషి ఒకడు వచ్చి అబద్ధం చెబుతాడు. అతను వరద ఏట్లోకి పడవ వదిలేస్తాడు. ఆమె ఎలాగో తప్పించుకుని పరుగున వచ్చేసరికి ఒడ్డున శవం ఉంటుంది. ఆఖరి అంకమంటే ఆ శవం పక్కన కూర్చుని ఆమె పాడే పన్నెండు పద్యాలే, అవి అయ్యాక ఆమె కూడా ఏట్లోకి నడిచి వెళ్ళిపోతుంది. చూసినవాళ్ళకు మళ్ళీ చూడాలనిపించేది, ఎందుకంటే మాత్రం చెప్పలేం.

ఊళ్ళలో అయితే పద్య నాటకం రాత్రి మొదలై తెల్లారితే గాని అయ్యేది కాదు. మాకది కుదరదు, సగం మంది రాత్రి షిఫ్టుకు పోవాలి, మిగతా సగం తెల్లారే లేవాలి. అందుకని మా సెక్టారులో ఉన్న హాలులో ఆదివారం పగలు పది గంటలకు ప్రార్థన పాడి తెర ఎత్తేవారు. అయితే ఫస్టు షిఫ్టువాళ్ళకు ఆదివారమైనా సోమవారమైనా ఒకటే కదా, పొద్దున్న ఆరింటికి గేటు లోపలికి పోతే మధ్యాహ్నం రెండింటి సైరన్ కూస్తే గాని బయటపడరు. వాళ్ళ కోసం మొదట ఎవరు పెట్టారో గాని మాలో ఒక కట్టుబాటు ఉండేది. నాలుగో అంకం అవగానే తెర దించేసి, సైరన్ మోగేదాకా ఆఖరి అంకం ఎత్తకూడదు. ఆ మధ్య వేళ అరగంటైనా కావచ్చు, గంటైనా కావచ్చు. ఆడవాళ్ళు టిఫిను క్యారియర్లు విప్పేవారు, హాలంతా పులిహోర ఇంగువ వాసన, హార్మోనియం వాయించే తాత తనకు తోచిన కీర్తనలు వాయించేవాడు, చర్చికి వెళ్ళి వచ్చిన మా కోస్తా క్రైస్తవ కుటుంబాలు కూడా సరిగ్గా ఆ వేళకే వచ్చి కలిసేవి.

సైరన్ మోగగానే, ఎవరూ చెప్పకుండానే, ముందు మూడు వరసల్లో కూర్చున్నవాళ్ళు లేచి గోడల వెంట నిలబడిపోయేవారు. పావుగంటలో బయట సైకిళ్ళు స్టాండు వేస్తున్న చప్పుడు. చంకలో హెల్మెట్లు, కాళ్ళకు బూట్లు, మెడ దగ్గర మసి సరిగా వదలని మొహాలతో ఫస్టు షిఫ్టువాళ్ళు వచ్చి ఆ కుర్చీల్లో కూలబడి, హెల్మెట్లు కుర్చీ కింద పెట్టుకున్నాక గాని తాత శ్రుతి ఇచ్చేవాడు కాదు. మొదటి నాలుగు అంకాలూ పోతే పోయాయి, కథ అందరికీ తెలిసిందే. ఏడుపు మాత్రం అందరం కలిసి ఏడవాలని మావాళ్ళ ఉద్దేశం.

మా అమ్మ తమ్ముడు, అంటే మా మామయ్య, ఇరవై ఏళ్ళకు తక్కువ కాకుండా ఆ నాటకంలో పడవవాడు. ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పని. నన్ను భిలాయికి తీసుకొచ్చి, తన క్వార్టరులో ముందుగదిలో మంచం వేసి, రైలు పట్టాల మిల్లులో ఉద్యోగం దొరికేదాకా అన్నం పెట్టినవాడు ఆయనే. స్నానాలగదిలో ఆయన పద్యం అందుకుంటే వెనక లైనువాళ్ళు కూడా చెంబు కింద పెట్టి వినేవారు. కోటదొర కూతుర్ని మాత్రం ఏటేటా విజయనగరం నుంచి రైల్లో రప్పించేవారు, మన ఇళ్ళలో ఆడపిల్లలు స్టేజీ ఎక్కడమేమిటన్న రోజులవి. ఆవిడ మా క్వార్టరులోనే దిగేది, అత్తయ్య ఆవిడకు తలంటు పోసి, మా ఆయన్ని మరీ ఎక్కువ ప్రేమించీకమ్మా అని వేళాకోళమాడేది.

మామయ్యకు ఆ నాటకం విషయంలో ఒకే ఒక్క కొరత. ఆఖరి అంకం ఆయన ఎప్పుడూ చూడలేదు. ఆ అంకమంతా కళ్ళు మూసుకుని శవంలా పడి ఉండేవాడు మరి. ముక్కు మీద ఈగ వాలినా కదలకూడదు. హాలంతా వెక్కిళ్ళు వినిపించేవి, ఆవిడ చీర కుచ్చిళ్ళు మొహానికి తగిలేవి, అంతే. “భిలాయిలో ఉన్నోళ్ళందరూ చూసీసినారురా, నేనొక్కణ్ణే చూళ్ళేదు” అనేవాడు నవ్వుతూ. ఒక్కసారి కుర్చీలో కూర్చుని, కళ్ళు తెరుచుకుని, ఆ పన్నెండు పద్యాలూ చూడాలని ఆయన కోరిక. అది మా ఇంట్లో అందరికీ తెలుసు. నాకు అందరికంటే బాగా తెలుసు.

నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఆ వయసులో ఉండాల్సిన దానికంటే పొగరు కొంచెం ఎక్కువే ఉండేది. రాయపూర్ వెళ్ళి రెండు మూడు హిందీ నాటకాలు చూసి వచ్చాను, అక్కడ నాటకాలు చేసే ఒక పెద్దమనిషితో పరిచయం పెంచుకున్నాను. ఇంకేముంది, మావాళ్ళు ఒక్కో పద్యానికి వన్స్‌మోర్ అని అరవడం, మధ్యలో పులిహోర తినడం, శవంగా పడుకున్నవాడికి ఎవరో వచ్చి దండ వేసిపోవడం అన్నీ నాకు తలవంపులుగా కనిపించాయి. ఆ ఏడు మా తెలుగు సంఘంవాళ్ళు నాటకం బాధ్యత నాకు అప్పజెప్పారు. ఈ కాలానికి తగ్గట్టు మారుద్దాం, తెలుగువాళ్ళే కాదు, హిందీవాళ్ళూ, బెంగాలీలూ, ఆఫీసర్లూ కూడా వచ్చి చూసేట్టు చేద్దాం అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, మొదటి నాలుగు అంకాలనూ మూడున్నర గంటల నుంచి రెండున్నరకు కుదించాను. కుదింపు తప్పు కాదని ఇప్పటికీ అంటాను. అందులో సగం సాగతీతే. ఆ ఊపులో ఎర్ర పెన్సిలు ‘సైరన్’ మీద నీలం గీతలు కొట్టినప్పుడు మాత్రం, అది కూడా సాగతీతే అనుకున్నాను. సంఘం పెద్దలు పడనివ్వలేదు. సరే, ఆగుతానని ఒప్పుకున్నాను. పుస్తకంలో గీతలు అలాగే ఉండిపోయాయి.

ఇంతలో విజయనగరం నుంచి ఉత్తరం, ఆవిడకు పెళ్ళి కుదిరిందని, ఇక రాలేనని. నాటకం ఆగిపోతుందనుకున్నాం. అప్పుడు నాకు మా మరదలు తట్టింది. మామయ్య కూతురే, చిన్నప్పటినుంచి గోడవతల ఆయన పద్యాలు వింటూ రెండు వైపుల పద్యాలూ కంఠతా పట్టేసింది. అత్తయ్య వారం రోజులు నాతో మాట్లాడలేదు. మామయ్య రెండు రోజులు ఆలోచించి ఊఁ అన్నాడు. కాని చిక్కు ఆయనదే. తండ్రీ కూతుళ్ళు ప్రేమికులుగా వెయ్యడమెలా? ఇరవై ఏళ్ళ వేషం ఆయన మారుమాట లేకుండా వదిలేశాడు. చర్చిలో పాటలు పాడే ఒక కుర్రవాడికి, తన సెక్షనులోనే పనిచేసేవాడికి, నెల్లాళ్ళు దగ్గర కూర్చోబెట్టుకుని ఎక్కడ ఊపిరి పట్టాలో, ఎక్కడ వదలాలో నేర్పాడు. ఆ కుర్రవాడికి నాటకం రోజే ఫస్టు షిఫ్టు పడింది. సెలవు దొరకలేదు. అతని డ్యూటీ మామయ్య తను మార్చుకున్నాడు.

అంటే ఆ కుర్రవాడు స్టేజీ మీద తన వేషం వేస్తుంటే, మామయ్య అతని బదులు లోపల పనిలో ఉంటాడన్నమాట. నాకు మనసు ఒప్పక, మరి నాటకం చూడవా అన్నాను. ఆయన నా భుజం మీద చరిచాడు. “నాకేటిరా, ఆఖరి అంకం సైరన్ తర్వాతే గదా. దర్జాగా కుర్చీలో కూకొని చూస్తాను.”

ఆ ఆదివారం హాలు నిండిపోయింది. మూడు భాషల్లో వేసిన కాగితాలు పనిచేసి, కొత్తవాళ్ళు చాలామంది వచ్చారు. రాయపూర్ పెద్దమనిషి కారులో వచ్చి మొదటి వరసలో కూర్చున్నాడు. నేను చేసిన తెలివితక్కువ పని, నాటకాన్ని కుదించినవాణ్ణి మొదలయ్యే వేళ మార్చకపోవడం. పది గంటలంటే పదే అని అందరికీ నోటికి వచ్చిన అలవాటు, కాగితాల్లో అదే వేయించాను. నాలుగు అంకాలూ జోరుగా నడిచి, మధ్యాహ్నం పన్నెండున్నర దాటకుండానే తెర పడింది. సైరన్‌కు ఇంకా గంటన్నర ఉంది. మా పాతవాళ్ళు క్యారియర్లు విప్పుకున్నారు, వాళ్ళకేం తేడా లేదు. కొత్తవాళ్ళు పది నిమిషాలు చూశారు, పావుగంట చూశారు. ఒకరిద్దరు లేచి తలుపు వైపు నడిచారు. వెనక వరసలోంచి ఎవరో చప్పట్లు కొట్టి గోల చేశారు. రాయపూర్ పెద్దమనిషి తెర పక్కకి వచ్చి, రసం చల్లారిపోతోంది భాయీ, దేనికోసం ఆగారు అని హిందీలో అడిగాడు. సైరన్ కోసం అని చెప్పడానికి నాకు నామోషీ అనిపించింది. ఉన్నదున్నట్టు చెబుతున్నాను, నామోషీయే. ఇంకేమీ కాదు.

తెర ఎత్తుదామని తాతతో చెప్పాను. ఆయన హార్మోనియం మీంచి చేతులు తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. “సైరన్ అవలేదు బాబూ” అన్నాడు. నేను గట్టిగా అన్నాను, ఏమన్నానో గుర్తులేదు. ఆయన నా మొహం చూడకుండా తిత్తి కదిపాడు. 

తెర వెనక శవం పక్కన మా మరదలు సిద్ధంగా కూర్చుని ఉంది. ఆ ఏడు నేను కొత్తగా పెట్టించిన లైట్లు కళ్ళలో పడితే స్టేజీ మీదివాళ్ళకు హాలు ఒట్టి చీకటిగా కనిపించేది. తాడు పట్టుకున్న నన్ను ఆమె చెయ్యి ఊపి పిలిచింది.

“నాన్న వచ్చీసినాడా బావా?”

రాలేదంటే ఆమె పాడేది కాదు. అది నాకు తెలుసు. తాడు నా చేతిలోనే ఉంది, ఇంకో గంట ఆగి ఉంటే కొత్తవాళ్ళు కొందరు వెళ్ళిపోయేవారు, రాయపూర్ కారు కూడా వెళ్ళిపోయేది, అంతకంటే ఏమీ అయ్యేది కాదు.

“వచ్చీసినాడు. ఔట్‌పాస్ తీసుకున్నాడు. మూడో వరసలో కూకున్నాడు” అన్నాను.

తెర ఎత్తాను, ఆమె అందుకుంది. ఆడవాళ్ళ వైపు కూర్చున్న అత్తయ్య కూతురి మీద కోపం మరిచిపోయి నోట్లో కొంగు కుక్కుకుంది. తెలుగు ముక్క రాని బెంగాలీ అమ్మాయిలు కళ్ళు తుడుచుకున్నారు. పన్నెండు పద్యాలూ ఆమె ఒక్క దిక్కుకే పాడింది, చీకట్లో మూడో వరస ఉండే దిక్కుకు. రాయపూర్ పెద్దమనిషి నన్ను కావలించుకుని, ఈ పాత నాటకానికి మళ్ళీ ప్రాణం పోశావన్నాడు. నేను గాల్లో తేలాను. దండలు వేస్తుండగా సైరన్ మోగింది. చూశావా, సైరన్ కంటే ముందే అయిపోయింది మన నాటకం అని మరదలు గర్వంగా నవ్వింది.

కొత్తవాళ్ళు వెళ్ళిపోయి, మేము కుర్చీలు మడతపెడుతుండగా సైకిళ్ళ చప్పుడు వినిపించింది. అందరికంటే ముందు మామయ్య. గేటు దగ్గర కుళాయి కింద తల తడుపుకుని దువ్వుకున్నాడు. పొద్దున్నే గుడ్డసంచిలో పెట్టుకుని తీసుకెళ్ళిన ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు, పెళ్ళికి వచ్చినవాడిలా. తలుపులో నిలబడిపోయి, మడతపెట్టిన కుర్చీల వైపు, తెర తీసేసిన స్టేజీ మీద అట్టపడవ వైపు చూశాడు. ఆయన వెనక హెల్మెట్లతో వచ్చినవాళ్ళలో ఒకాయన నన్ను బూతులు తిట్టాడు. నాకు అవే కాస్త ఊరటగా ఉన్నాయి.

“అయిపోనాదా?” అన్నాడు మామయ్య.

అయిపోయిందన్నాను. తర్వాత, నా జన్మలో మాట్లాడిన అతి సిగ్గుమాలిన మాటలు, గొంతు తగ్గించి చెప్పాను. నువ్వు వచ్చావనే నీ కూతురికి చెప్పాను మామయ్యా, ఔట్‌పాస్ మీద వచ్చి మూడో వరసలో కూర్చున్నావని చెప్పాను. ఆయన నన్ను ఒక్క క్షణం చూశాడు. కోపం ఉంటుందనుకున్నాను. లేదు. లెక్క తప్పిన మనిషిని చూసినట్టు చూశాడంతే. ఈలోగా మరదలు మొహాన రంగుతోనే, మెడలో దండతోనే పరిగెత్తుకుంటూ వచ్చింది.

“నాన్నా! ఎలగుంది? ఏడిసినావా?”

మామయ్య తన తడి తల మీద చెయ్యి వేసుకున్నాడు. ఇరవై ఏళ్ళ నటన ఆయనకు అప్పుడు పనికొచ్చింది.

“ఏడవకుండా ఎలాగుంటానే. మూడో వరసలో ఉన్నోళ్ళమందరం ఏడిసినాం” అన్నాడు.

ఆడవాళ్ళ వైపు నుంచి వస్తున్న అత్తయ్య ఆ మాట విని ఆగిపోయింది. ఆవిడకు అంతా తెలుసు, మూడో వరస ఆవిడ కళ్ళ ముందే ఉంది. కూతురి మొహం చూసి ఊరుకుంది. ఆ తర్వాత ఎన్నో నెలలపాటు, కంచంలో అన్నం పెట్టి, ఇంకొంచెం వెయ్యనా అని మాత్రం నన్ను అడగలేదు. అడగకపోతే అన్నం ఎంత పొడిగా దిగుతుందో అప్పుడు తెలిసింది.

మరుసటి ఏడు ఎలాగైనా మళ్ళీ వేసి, సైరన్ కోసం రెండు గంటలైనా ఆగి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాలనుకున్నాను. చర్చి కుర్రవాడికి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. హార్మోనియం తాత రిటైరై శ్రీకాకుళం వెళ్ళిపోయాడు. సంఘంలో పడుచువాళ్ళు పాటల పార్టీ పెడదామన్నారు, ఆ తర్వాతి ఏడు హాస్యనాటిక అన్నారు. కొత్తదనం కావాలని వాళ్ళకు నేర్పినవాణ్ణి నేనే, ఏ మొహంతో వద్దంటాను? పడవ నాటకం మళ్ళీ ఆడలేదు. రెండేళ్ళకు మరదల్ని నాకే ఇచ్చి పెళ్ళి చేశాడు మామయ్య. ఆ మధ్యాహ్నం మాట ఎన్నడూ ఎత్తలేదు.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా కుమిలేలా చేసింది ఇంకొకటి. నాటకం పోతే పోయింది, ఇంట్లోనే ఒక సాయంత్రం ఆ పద్యాలు పాడమ్మా అని కూతుర్ని అడిగితే ఆమె సంతోషంగా పాడి ఉండేది. ఆయన అడగలేదు. ఒకసారి చూసి ఏడ్చినవాడు, ఎలా పాడావో చూపించమని ఎలా అడుగుతాడు? ఎక్కడ ఆమె ఏ చిన్న విశేషం గుర్తుచేస్తుందో, తన అబద్ధం ఎక్కడ బయటపడుతుందో అని, స్నానాలగదిలో తను పాడుకోవడం కూడా మానేశాడు. నేను తొడిగిన వేషం ఆయన విప్పలేకపోయాడు.

రిటైరైన చాలా ఏళ్ళకు ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం వార్డు సద్దుమణిగి ఉండగా, మా ఆవిడ తనంతట తనే మంచం పక్కన కూర్చుని ఆ పన్నెండు పద్యాలూ మెల్లగా పాడింది. నేను కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను. ఆయన వెల్లకిలా పడుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు. స్టేజీ మీద ఇరవై ఏళ్ళూ ఎలా విన్నాడో అలాగే. తెరుస్తాడేమో, ఒక్కసారి కూతుర్ని చూస్తాడేమో అని ఎదురుచూశాను. కళ్ళు తెరిచే ఓపిక కూడా ఆయనకు లేదు. పద్యాలయ్యాక పెదవులు కదిపాడు, మా ఆవిడ చెవి దగ్గర పెట్టింది.

“ఆ రోజు కన్నా బాగుంది” అన్నాడు.

ఆమె మురిసిపోయి నా వైపు చూసింది. నేను కిటికీ వైపు తిరిగాను.

ఇదీ ఎర్ర పెన్సిలు మాట కథ. మనవరాలికి ఇదంతా చెప్పలేదు. ఫస్టు షిఫ్టువాళ్ళ కోసం ఆగేవాళ్ళమని, సైరన్ మోగితే ముందు వరసలవాళ్ళు లేచి చోటిచ్చేవాళ్ళని మాత్రం చెప్పాను. పిల్లకు తెగ నచ్చింది. ఆఖరి అంకానికి ముందు స్పీకర్లలో సైరన్ మోగిస్తానంది. మొత్తం నాటకం గంటా పావు, పన్నెండు పద్యాల్లో నాలుగే ఉంచుతానంది. “పబ్లిక్ అంతసేపు కూకోదు తాతయ్యా, సమఝో నా.” నాకు ఒళ్ళు మండింది, మర్నాటికి చల్లారింది. నేను ఆ వయసులో అంతకంటే ఎక్కువే మాట్లాడాను.

నిన్నటి ఆదివారం సాయంత్రం, అదే హాలులో నాటకం ఆడారు. హాలుకు కొత్త రంగు వేశారు, కుర్చీలు మారాయి, అందులో ఏ వరసా మా నాటి వరస కాదు. హిందీలో తెలుగు, తెలుగులో హిందీ కలిపి ఆడారు, బాగానే ఆడారు. కాబోయే ఏడుపు తెలియని కుర్రకారు ఫోన్లు పక్కన పెట్టి మరీ చూశారు. నాలుగో అంకం అయి, దీపాలు ఆరి, చీకట్లో ఒక్కసారిగా సైరన్ మోగింది. ఆ వెంటనే ముందు వరసల్లో కదలిక. మా పాతవాళ్ళం ఏడెనిమిది మందిమి, చేతికర్రలు పట్టుకుని, ఒకరి భుజం ఒకరు ఆసరా చేసుకుని, ఎవరూ చెప్పకుండానే లేచి గోడల వైపు నడుస్తున్నాం. నేనూ లేచానని లేచాక గాని నాకు తెలియలేదు. వెనకనుంచి పిల్లలు, అంకుల్ బైఠ్ జాయియే, కూర్చోండి, నాటకం అయిపోలేదు అని హడావిడి పడ్డారు. తలుపు వైపు చూశాం. ఎవరూ రాలేదు. రావాల్సినవాళ్ళెవరూ ఇప్పుడు లేరు.

ఇప్పుడు ఎవరి షిఫ్టుకూ నాటకం ఆగదు, చెప్పిన వేళకు మొదలై చెప్పిన వేళకు అయిపోతుంది, అది మంచిదే కావచ్చు. ఎవరైనా ఒకరు వచ్చేదాకా ఏడుపు ఆపుకుని కూర్చునే జనం నాకు మళ్ళీ ఎక్కడా కనబడలేదు. ఆ జనంలో ఒకణ్ణి అయ్యుండీ ఆగలేకపోయినవాణ్ణి నేనే. నేను రాసిన ప్రతి కాగితమూ ముందు మా ఆవిడ చదివి, తప్పులు దిద్ది ఇస్తుంది. దీన్ని ఇంకా ఆమె చేతికి ఇవ్వలేదు. రేపు ఇస్తాను. నోటితో చెప్పడానికి నిన్న వీలు దొరికింది, అప్పుడు కూడా చెప్పలేకపోయాను.

గోడ పక్కన నిలబడి ఉండగా ఆమె నా మోచెయ్యి పట్టుకుని, చీకట్లో, పెళ్ళికి ముందటి గొంతుతో అడిగింది. “బావా, ఆ రోజు నాన్న ఏ కుర్చీలో కూకున్నాడు? నాకు లైట్లలో అగుపించలేదు గదా. చూపించవా?”

మూడో వరసలో, మధ్యదారి పక్కన ఉన్న కుర్చీ ఒకటి చూపించాను. ఆమె మెల్లగా నడిచి వెళ్ళి, చేత్తో కుర్చీ వీపు ఒకసారి తడిమి, అందులో కూర్చుంది. ఆఖరి అంకమంతా అక్కడే కూర్చుని, కళ్ళు తెరుచుకుని చూసింది. నేను గోడ పక్కనే నిలబడి ఉండిపోయాను.